మంచు కరిగిన నాటి సముద్రము – మన వానలు



వరి విత్తనములను ఉప్పునీటిలో వేసినచో తాలు పైకి తేలును, గట్టి గింజ అడుగునకు దిగును. సముద్రములోను ఇదే ధర్మము. ఉత్తర అట్లాంటిక్‌లో ఉప్పునీరు చల్లబడి, బరువెక్కి అడుగునకు దిగును. ఆ స్థానమునకు దక్షిణమునుండి వెచ్చని నీరు చేరును.

20,000 సంవత్సరముల క్రితము ఉత్తర అమెరికాలో చాలభాగమును మంచు కప్పియుండెను. అది కరుగగా వచ్చిన మంచినీరు తేలికగుటచే సముద్రముపై నిలిచి, ఈ ప్రవాహమును మందగింపజేసినది. సుమారు 12,900 ఏండ్ల క్రితము ఉత్తర దేశములు మరల చల్లబడి, వెయ్యేండ్లకు పైగా అట్లే యుండెను. ఆ కాలమున మన నైరుతి ఋతుపవనములును బలహీనపడెను. మేఘాలయలోని మామ్లూ గుహయందలి సున్నపు పొరలు దీనికి సాక్ష్యము.

నేడు గ్రీన్‌లాండు మంచు కరుగుచున్నది. ఈ శతాబ్దమున ఆ ప్రవాహము తగ్గగలదని శాస్త్రజ్ఞుల అంచనా. హైదరాబాదులో హైటెక్ సిటీకి ఉత్తరాన, ప్రగతినగర్‌లోనున్న ఇన్‌కాయిస్ సంస్థ, నీట తేలియాడు యంత్రముల సాయమున హిందూ మహాసముద్రపు వేడిమిని, ఉప్పదనమును గమనించుచున్నది.

ఒక ఏటి అనావృష్టికి దీనినే కారణముగా ఎంచరాదు. అయినను వాన తప్పిన ఏట పైరు నిలువవలెనన్న, ఏర్పాటు ముందే కావలెను. వాలునకు అడ్డముగా దున్నుడు. చేనిలో నీటికుంట త్రవ్వుడు. మెట్టలో జొన్నతోపాటు కందిని అంతరపైరుగా వేయుడు.