ఇంకో ఏడాది ఆగాలా?

నీట్ ఫలితాలొచ్చాక వారం రోజులపాటు మా కాలేజీ స్టాఫ్‌రూం ముందు తల్లిదండ్రులు వస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: “సార్, ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ పెట్టిద్దామా?” జువాలజీ చెప్పేవాణ్ని, ర్యాంకు చూసి అవుననో కాదనో చెప్పేస్తానని వాళ్ల ఆశ. ర్యాంకు చూస్తే తెలిసేది కాదది. పిల్లలు రాసిన పేపరు ముందు పెట్టుకుని కూర్చోవాలి.

ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. 720కి 455. ప్రశ్నపత్రం, ఓఎంఆర్ కాపీ, కీ మూడూ బల్ల మీద పరిచాను. 180లో 125 ఒప్పు, 45 తప్పు, 10 వదిలేసింది. ఆ 45 ప్రశ్నలూ మళ్లీ చదివి, ఒక్కోదాని పక్కన ‘తెలీదు’, ‘తెలిసీ పొరబడ్డాను’, ‘ఊహించి పెట్టాను’ అని రాయమన్నాను. గంటన్నర పట్టింది. తెలియనివి 12, ఊహించినవి 13, తెలిసీ పొరబడ్డవి 20. ‘సరికానిది ఏది’ అంటే సరైనదాన్ని దిద్దేయడం, ఫిజిక్స్‌లో సెంటీమీటర్లను మీటర్లు చేయకుండానే లెక్క కట్టేయడం, అన్నీ ఇలాంటివే. ఒప్పయితే 4 మార్కులొస్తాయి, తప్పయితే ఒకటి పోతుంది. అంటే పొరపాటు ఒక్కోటీ 5 మార్కుల ఖరీదు. ఇరవైకి నూరు. “అయితే నాకు 555 రావాల్సింది కదా సార్!” అంది ఆ పిల్ల, పెన్ను కింద పెట్టేసి.

అలాంటి పిల్లకు ఏడాది ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. నిమిషానికో ప్రశ్న చొప్పున మూడు గంటలు కుదురుగా కూర్చోవడం సాధనతో వచ్చేదే. కానీ ఏడాది కోచింగ్ తర్వాత కూడా అవే చాప్టర్ల పక్కన ‘తెలీదు’ అనే రాస్తున్న పిల్లల్ని మూడోసారి హాస్టల్లో వేయొద్దని చేతులు పట్టుకుని చెబుతాను. నీట్‌కు గరిష్ఠ వయసు లేదు, ఎన్నిసార్లు రాయొచ్చన్న లెక్కా లేదు. ఎక్కడ ఆగాలో ఇంట్లోనే తేల్చుకోవాలి. ‘క్వాలిఫై అయింది కదా’ అన్న ధైర్యమూ చాలదు. జనరల్ అభ్యర్థులకు 50వ పర్సంటైల్ వస్తే అర్హత వచ్చినట్టే. సీటు మాత్రం ర్యాంకును బట్టే.

మార్కుల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి ఇంకొకటుంది. అప్లికేషన్ పెట్టేముందు ఆసుపత్రిలో నాలుగు రోజులు గడిపిన పిల్లలు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే కనిపించారు. తెలిసినవాళ్ల ద్వారా అనుమతి తీసుకుని వెళ్లండి. ఒకసారి మా విద్యార్థి ఒకణ్ని ఫిజియోథెరపీ గదికి తీసుకెళ్లాను. పక్షవాతం వచ్చిన పెద్దాయన స్టీలు గ్లాసు పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. బొటనవేలు గ్లాసుకు ఆనేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. థెరపిస్టు విసుక్కోలేదు, “ఇంకొక్కసారి పెద్దాయనా” అంటూనే ఉంది. మావాడు గోడకు ఆనుకుని చివరిదాకా చూశాడు. ‘డాక్టర్ సీటు రాకపోతే’ అన్నమాట మళ్లీ వాడి నోట వినలేదు, ఫిజియోథెరపీ కోర్సు బీపీటీకే దరఖాస్తు చేశాడు.

ఆ ‘రాకపోతే’ అన్నమాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఫార్మ్‌డీ ఆరేళ్లు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. అన్నేళ్లు చదివి, ఆపైన జీవితమంతా చేయాల్సిన పనిని మిగిలిపోయిన సీటులా చూస్తే ఎలా? రాత్రి డ్యూటీలో నర్సు పక్కన ఒక గంట కూర్చున్నాక కూడా మళ్లీ రావాలనిపిస్తే, ఆ పిల్ల నర్సింగ్‌కు సిద్ధంగా ఉన్నట్టే.

కౌన్సెలింగ్ కాగితాల గురించి ఒక్క మాట. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఈడబ్ల్యూఎస్ అయితే ఈ ఆర్థిక సంవత్సరానిది, ఫలితాలు రాకముందే తెచ్చిపెట్టుకోండి. లోకల్, నాన్‌లోకల్ తేలేది ప్రధానంగా ఆ స్టడీ సర్టిఫికెట్లతోనే. ఇక నా దగ్గరికొచ్చేవాళ్లు ర్యాంకు కార్డుతో పాటు ప్రశ్నపత్రం, ఓఎంఆర్ కాపీ కూడా తెచ్చుకోండి, కూర్చుని చూద్దాం.