తరగతి గదిలో కంప్యూటర్

ప్రవేశిక : బోధనలో కంప్యూటర్, ఇంటర్నెట్‌ల ప్రయోజనాన్ని, వాటిని అందరికీ అందించడంలోని సమస్యలను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ఒకనాడు వీధిబడిలో ఇసుకపై అక్షరాలు దిద్దిన చేయి తరువాత పలక పట్టింది. ఆపై పుస్తకం పట్టింది. నేడు కీబోర్డును తాకుతున్నది. విద్యాసాధనం మారిన ప్రతిసారీ సమాజం ముందు ఒకే ప్రశ్న నిలిచింది. ఈ సాధనం ఎవరి చేతికి అందుతుంది? తాళపత్రాల కాలంలో గ్రంథానికి ప్రతి వ్రాయించుకోగలిగినవారు బహు కొద్దిమంది. ముద్రణాయంత్రం ఆ గ్రంథాన్ని సామాన్యుని ఇంటికి చేర్చింది. కంప్యూటర్, ఇంటర్నెట్ ఆ పనినే మరింత విస్తృతంగా చేయగలవు. చేస్తున్నాయా అన్నదే విచారణీయాంశం.

మన దేశంలో పాఠశాలలకు కంప్యూటర్‌ను పరిచయం చేసే ప్రయత్నం 1984-85లో ‘క్లాస్’ పథకంతో ఆరంభమైంది. అందుకు బి.బి.సి. మైక్రో యంత్రాలను వినియోగించారు. 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభమయ్యాయి. విద్యాప్రసారాల కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ప్రయోగించారు. అదే ఏడాది డిసెంబరులో కేంద్రప్రభుత్వం పాఠశాలల్లో కంప్యూటర్ విద్యకు ప్రత్యేక పథకాన్ని చేపట్టింది. అయినను గమ్యం ఇంకా దూరంగానే ఉన్నది. కేంద్ర విద్యాశాఖ గణాంకాల ప్రకారం 2024-25లో 64.7 శాతం పాఠశాలలకు కంప్యూటర్, 63.5 శాతం పాఠశాలలకు ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నాయి. అనగా ప్రతి మూడు పాఠశాలల్లో ఒకదానికి ఈ సౌకర్యాలు లేవన్నమాట. 2020లో బడులు మూతపడి పాఠాలు ఇంటర్నెట్‌కు మారినప్పుడు ఈ లోటు ఎంతటిదో తేటతెల్లమైంది. సాధనం లేని ఇంటి బిడ్డకు చదువే దూరమైంది.

ఇల్లు అలకగానే పండుగ కాదు. యంత్రం వచ్చినంతనే విద్య రాదు. నిలకడైన విద్యుత్తు కావాలి. చెడినప్పుడు బాగుచేసేవారు కావాలి. అన్నిటికన్న ముఖ్యంగా శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు కావాలి. ఒక యంత్రం ముందు పదిమంది కూర్చుంటే మౌస్ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. తక్కినవారు, ముఖ్యంగా బిడియపడే బాలికలు, వెనుక నిలిచి చూస్తారు. గట్టున నిలిచి చూచినంత మాత్రాన ఈత రాదు. కనుక ప్రతి విద్యార్థికి వంతు కల్పించడం ఉపాధ్యాయుని ధర్మం.

1999లో సుగత మిత్రా ఢిల్లీలోని కాల్కాజీలో ఒక గోడకు రంధ్రం చేసి, అందులో కంప్యూటర్‌ను అమర్చారు. బస్తీ పిల్లలు బోధకుడు లేకుండానే దానిని వాడటం నేర్చుకున్నారు. బాలల జిజ్ఞాసకు ఇది గొప్ప నిదర్శనం. అయితే అటువంటి చోట్ల పిల్లల కాలం ఎక్కువగా ఆటలతోనే గడిచిందని కొందరు పరిశీలకులు విమర్శించారు. జిజ్ఞాస శిష్యునిది, దానికి దారి చూపవలసిన బాధ్యత గురువుది.

మరొక ముఖ్యాంశం భాష. యూనికోడ్ వలన తెలుగు లిపి ఏ యంత్రంలోనైనా నిలువగలుగుతున్నది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. విద్యార్థి తన ఊరి చెరువు చరిత్రనో, గుడిలోని శాసన విశేషాన్నో పెద్దలనడిగి, ఆధారాలతో తెలుగులో వ్రాస్తే అతడు సమాచారాన్ని స్వీకరించేవాడే కాక సృష్టించేవాడూ అవుతాడు.

ఇంటర్నెట్‌లో సత్యమూ అసత్యమూ పక్కపక్కనే ఉంటాయి. హంస పాలను నీటి నుండి వేరుచేస్తుందని పెద్దల మాట. ఒకచోట చదివిన విషయాన్ని మరొకచోట సరిచూచుకొనే వివేకమే నేటి విద్యార్థికి హంసగుణం. యంత్రాన్ని ప్రభుత్వం ఇవ్వగలదు. ఆ వివేకాన్ని తరగతి గదియే ఇవ్వాలి.

పదాలు - అర్థాలు
ప్రతి = నకలు
విచారణీయాంశం = ఆలోచించదగిన విషయం
జిజ్ఞాస = తెలుసుకోవాలనే కోరిక
నిదర్శనం = ఉదాహరణ

ప్రశ్నలు
1. ‘ఇల్లు అలకగానే పండుగ కాదు’ అనే సామెతను పాఠ్యాంశానికి అన్వయించి వివరించండి.
2. కాల్కాజీ ప్రయోగం వలన తెలిసిన అంశాలేవి?
3. ‘హంసగుణం’ విద్యార్థికి ఎందుకు అవసరం?