మింగినది నాణెమా, బ్యాటరీయా?

పసిబిడ్డ చేతికి చిక్కిన వస్తువు నోటికి చేరుట సహజం. మింగిన వాటిలో అధిక భాగం ఏ చికిత్సా లేకుండానే విసర్జితమవుతాయి. బటన్ బ్యాటరీ విషయంలో ఆ ధీమా పనికిరాదు.

రిమోట్లలో, ఆటబొమ్మలలో వాడే 2032 రకం బ్యాటరీ కొలత దాని పేరులోనే ఉంది: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. శిశువు అన్నవాహికలో ఇరుక్కొనుటకు ఇది చాలు. లోపలి రసాయనాలు కారితేనే ప్రమాదమని పలువురి భావన. ప్రధానమైన ముప్పు అది కాదు. తడి కణజాలం రెండు ధ్రువాలనూ కలపగానే 3 వోల్టుల బ్యాటరీ నుండి విద్యుత్తు ప్రవహిస్తుంది. ఋణధ్రువం వద్ద నీరు విడివడి హైడ్రాక్సైడ్ అయానులు పోగుపడతాయి. ఉప్పునీటి నుండి కాస్టిక్ సోడా తీసే కర్మాగారంలో జరిగే చర్యయే ఇది. రెండు గంటలలోనే తీవ్రమైన గాయం ఏర్పడవచ్చు. రిమోటుకు చాలక పారవేసిన బ్యాటరీనీ నమ్మరాదు. నీటి విశ్లేషణకు సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు.

చొంగ కారుట, దగ్గు, అన్నం వద్దనుట వంటి లక్షణాలు చూడగా జలుబో, గొంతునొప్పో అనిపిస్తాయి. ఒక్కొక్కప్పుడు ఏ లక్షణమూ ఉండదు. కనుక ఇంట్లోవారి అనుమానమే మొదటి పరీక్ష. రాస్ లఫాన్ వాయు కర్మాగారాలలో పనిచేస్తూ అల్ ఖోర్‌లో కాపురముండే కుటుంబాలలో, తండ్రి షిఫ్టు ముగించి వచ్చేదాకా చూద్దామనుకొనుట ఎంతో సహజం. ఆ నిరీక్షణకే రెండు గంటలూ చెల్లిపోతాయి. వెంటనే 999కు ఫోన్ చేయవలెను.

రెండవ పరీక్ష ఎక్స్-రే. 2011లో వచ్చిన మన రూపాయి నాణెం వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు. నీడ చూసి పొరబడుట సులభమే. ఎదుటి నుండి తీసిన చిత్రంలో బ్యాటరీ అంచున రెండు వలయాలు కనిపిస్తాయి, నాణేనికి ఒకటే. ప్రక్క నుండి తీస్తే బ్యాటరీకి చిన్న మెట్టు ఉంటుంది. సన్నని వైపు ఋణధ్రువం. అది ఎటు తిరిగి ఉంటే గాయం అటు లోతు. ముందుకు తిరిగితే శ్వాసనాళానికి అపాయం. ప్లాస్టిక్ ముక్కలు, వేరుశనగ గింజలు మాత్రం సాధారణంగా ఎక్స్-రేకు చిక్కవు.

ఏడాది దాటిన బిడ్డ మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వవచ్చు. పందిపిల్లలపై జరిపి 2018లో ప్రచురించిన ప్రయోగాలలో తేనె ఆ క్షారతను తగ్గించింది. అయితే తేనె వెదుకుతూ ప్రయాణం ఆపరాదు. వాంతి చేయించరాదు. అన్నవాహికలో ఉన్న బ్యాటరీని ఎండోస్కోపీతో తక్షణమే తీయవలెను. తీసిన పిమ్మట కూడా గాయం లోతుకు పోయి, వారాల తరువాత రక్తస్రావం కావచ్చును.