నలభై దాటాక బీజగణితం: సందేహాలు - సమాధానాలు

పెళ్లితోనో పనితోనో ఆగిపోయిన చదువును ఓపెన్ స్కూల్లో మళ్లీ అందుకున్నవాళ్ల ఉత్తరాలు ఈమధ్య ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో చాలావరకు లెక్కల గురించే, అందులోనూ బీజగణితం గురించే. అందుకే ఈసారి శీర్షికంతా వాటికే కేటాయిస్తున్నాను.

నేను బట్టలు కుడతాను. వయసు 41. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను, ఇప్పుడు ఓపెన్ టెన్త్‌కి కట్టాను. వడ్డీ లెక్కలు కూడా నోటితో చేసేస్తాను. కానీ అంకెల మధ్య ఎక్స్ కనబడగానే చెయ్యి ఆగిపోతోంది. అసలు తెలియనిదాన్ని పట్టుకుని లెక్కెలా చేస్తారు మాస్టారూ?
- ఒక గృహిణి, జగిత్యాల

మీరు రోజూ చేస్తున్నదే అమ్మా అది. జాకెట్టుకు 150 రూపాయల చొప్పున కుడతారనుకుందాం. షాపు అద్దె 2,600. అద్దె పోగా నెలకు 9,400 మిగలాలంటే ఎన్ని జాకెట్లు కుట్టాలి? ఈ లెక్కకు మీరు కాగితం కూడా ముట్టుకోరు. 9,400కు అద్దె కలిపి 12,000 అంటారు. దాన్ని 150తో భాగించి 80 అని చెప్పేస్తారు. ఎన్నో తెలియని జాకెట్లను మనసులో ఉంచుకుని, చివరి నుంచి వెనక్కి వచ్చి వాటి లెక్క తేల్చారు. ఆలోచించే తీరు మీకు ఎప్పుడో పట్టుబడింది. ఇక నేర్చుకోవాల్సిందల్లా దాన్ని వరుసగా రాయడం:

150జ − 2,600 = 9,400
150జ = 12,000
జ = 80

మొదటి వరుసలోంచి రెండో వరుసకు రావడానికి రెండు వైపులా 2,600 కలిపాం. మూడో వరుసకు రెండు వైపులనూ 150తో భాగించాం. నోటితో చేసినప్పుడు కూడా మీరు సరిగ్గా ఈ రెండు పనులే, ఇదే వరుసలో చేశారు.

ఎక్స్ బదులు జ రాయడం నా సొంత వెసులుబాటేమీ కాదు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు 'బీజగణితం' రాసినప్పుడు తెలియని రాశులకు యా, కా, నీ అంటూ పేర్లలోని తొలి అక్షరాలే వాడాడు. కా అంటే కాళకం, నీ అంటే నీలకం, రెండూ రంగుల పేర్లే. ఇంట్లో సాధన చేసేటప్పుడు మీకు అచ్చొచ్చిన అక్షరం పెట్టుకోండి. చెయ్యి అలవాటుపడ్డాక ఎక్స్‌కు మారవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం మరవద్దు. జ అంటే జాకెట్టు అని చదువుకోకండి, జాకెట్ల సంఖ్య అని చదువుకోండి. 'లంగాలకు మూడింతలు జాకెట్లు కుట్టాను' అనే మాటను 3జ = ల అని రాసేవాళ్లు బోలెడుమంది, డిగ్రీ చదివినవాళ్లతో సహా. లంగాలు 10, జాకెట్లు 30 అనుకుని ఆ వరుసలో వేసి చూడండి. 90 = 10 అని వస్తుంది! రాయాల్సింది జ = 3ల.

ఇంకో చిన్న పరీక్ష. 8 + 4 = □ + 5. ఈ గడిలో ఎంత రాస్తారు? 12 అని రాస్తే కంగారుపడకండి, చాలామంది రాసేది అదే. చిన్నప్పటి నుంచి కూడికలు చేసీ చేసీ '=' గుర్తును 'జవాబు ఇక్కడ రాయి' అనే ఆజ్ఞలా చదవడం అలవాటైపోయింది. నిజానికి ఆ గుర్తు చెప్పేది, ఇటు ఎంత ఉందో అటూ అంతే ఉందని. అలా చూస్తే గడిలో 7 రావాలి. బీజగణితం దగ్గర పెద్దవాళ్లు తడబడటానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఎక్స్ కంటే ఈ రెండు గీతలే. కాబట్టి ఇలాంటి గడుల లెక్కలు ఒక వారం పాటు చేసి, ఆ తర్వాతే సమీకరణాలకు రండి.

'పక్షం మారితే గుర్తు మారుతుంది' అని నేర్చుకున్నాను. 5ఎక్స్ = 20 అంటే 5ను అటు పంపి, గుర్తు మార్చి, ఎక్స్ = 15 అని రాశాను. తప్పన్నారు. ఎందుకు?
- ఒక ఎలక్ట్రీషియన్, అనకాపల్లి

ఆ సూత్రాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. బాగా వచ్చినవాళ్లకు అది దగ్గరి దారి. కొత్తవాళ్లను మాత్రం తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అంకెలు అటూ ఇటూ గెంతుతాయన్న భ్రమ కలిగిస్తుంది. ఏదీ ఎటూ గెంతదు. 5ఎక్స్ అంటే 5 సార్లు ఎక్స్. ఆ గుణకారాన్ని విప్పాలంటే భాగించాలి, ఆ పని రెండు వైపులా చెయ్యాలి. అప్పుడు ఎక్స్ = 4. అదే ఎక్స్ + 5 = 20 అయితే రెండు వైపులా 5 తీసేయాలి, ఎక్స్ = 15. మీరు మొదటి లెక్కకు రెండోదాని మందు వేశారు.

ప్రతి వరుస పక్కన ఏం చేశారో తెలుగులోనే రాసుకోండి: 'రెండు వైపులా 5తో భాగించాను' అని. చివర్లో వచ్చిన జవాబును మొదటి వరుసలో వేసి చూడండి. 5 × 15 అంటే 75, అది 20 కాదు. తప్పు ఎవరూ చెప్పకుండానే బయటపడింది కదా! రాత్రి పదింటికి ఒంటరిగా చదువుకునేవాళ్లకు ఇంతకు మించిన తోడు లేదు.

మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎలా అవుతుంది? బట్టీ పట్టాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు.
- ఒక కిరాణా వ్యాపారి, కర్నూలు

మనసు ఒప్పుకోనిదాన్ని మళ్లీ అడిగారు, చాలా సంతోషం. నెలకు 500 చొప్పున ఒక బాకీ కడుతున్నారనుకోండి. చేతిలోంచి పోయేది కనుక అది −500. మూడు వాయిదాలు మీద పడితే 3 × (−500), అంటే −1,500. ఇప్పుడు బాకీ ఇచ్చినాయన దయతలచి మూడు వాయిదాలు కొట్టేశాడు. అప్పులోంచి మూడు తీసేశారు కనుక ఇది (−3) × (−500). పోవాల్సిన 1,500 మీ దగ్గరే నిలిచింది, అంటే మీకు 1,500 లాభం.

నమ్మకం ఇంకా కుదరకపోతే ఈ వరుస పైనుంచి కిందికి చదవండి:

2 × (−2) = −4
1 × (−2) = −2
0 × (−2) = 0

ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా జవాబు 2 పెరుగుతోంది. తర్వాతి మెట్టు (−1) × (−2). అక్కడ 2 తప్ప మరేం వచ్చినా వరుస చెడుతుంది. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం'లో ఈ నియమాలను ధనం, ఋణం అనే మాటలతోనే చెప్పాడు. ఖాతా పుస్తకం రాసే మీకు ఆ భాష కొత్తేమీ కాదు.

అయితే ఈ నియమం గుణకారానికే. −5 − 3 చూసి 'రెండు మైనస్‌లు ఉన్నాయి కదా' అని 8 రాసేస్తుంటారు. ఐదు రూపాయల అప్పు మీద ఇంకో మూడు అప్పు చేస్తే −8.

వయసు 47, ఆసుపత్రిలో ఆయాగా చేస్తాను. రాత్రి అర్థమైన లెక్క పొద్దునకి గుర్తుండదు. ఈ వయసులో ఇక రాదేమో?
- ఖమ్మం

మరచిపోవడాన్ని మీ వయసు మీద వేయకండమ్మా. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, ఎంత త్వరగా మరచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మొదటి రోజులోనే చాలాభాగం జారిపోయింది. అప్పటికి ఆయన వయసు ముప్పై అటూ ఇటూ. మరపు అందరికీ ఉంటుంది. దాన్ని గెలవడానికి మళ్లీ మళ్లీ చదివితే చాలదు, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోవాలి. కొత్త పాఠం తెరిచే ముందు నిన్నటి లెక్క ఒకటి, పోయిన వారం లెక్క ఒకటి చూడకుండా చెయ్యండి. రాకపోతే చూసి సరిచేసుకుని, మర్నాడు మళ్లీ ప్రయత్నించండి. ఎక్కాలు గుర్తులేకపోతే ఎక్కాల కాగితం పక్కన పెట్టుకోండి. బుర్ర అంతా 7 × 8 దగ్గరే అలసిపోతే సమీకరణం ఎవరు చూస్తారు?

భిన్నాలు కూడా ఓసారి సరిచూసుకోండి. 1/2 + 1/3 = 2/5 అని రాస్తున్నారా? సగానికి ఇంకా కొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా! అలా రాస్తుంటే టెన్త్ పుస్తకం పక్కన పెట్టి, ఆరో తరగతి పుస్తకంలో భిన్నాలు, బీజగణిత పరిచయం, ఆపైన ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలు చూడండి. చిన్నపిల్లల పుస్తకమని సిగ్గుపడే పని లేదు.

లెక్కల బదులు ఇంకో సబ్జెక్టు తీసుకుంటే టెన్త్ సులువుగా అయిపోతుందంటున్నారు. వదిలేయనా?
- ఒక ఆటో డ్రైవర్, ఏలూరు

ఓపెన్ స్కూల్లో సబ్జెక్టులు ఎంచుకునే వీలుంది, ఆ మాట నిజమే. సర్టిఫికెట్ ఒక్కటే కావాలంటే అలాగే చెయ్యండి, తప్పేం లేదు. కానీ రేపు పాలిటెక్నిక్‌కు వెళ్లాలనుకుంటే పాలిసెట్‌కు టెన్త్‌లో లెక్కలు ఉండాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కూ అంతే. అందుకే ఫీజు కట్టకముందే, తర్వాత ఏం చదవాలనుకుంటున్నారో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. లెక్కలు తీసుకుని తప్పినా, పాసైన సబ్జెక్టులు ఎక్కడికీ పోవు. తప్పిన ఆ ఒక్క పేపరూ తర్వాతి విడతలో మళ్లీ రాసుకోవచ్చు.