రామకృష్ణాపూర్‌కు కొత్త డాక్టరు రావాలంటే: తరచూ అడిగే ప్రశ్నలు

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. ఊళ్లోనే వైద్యం చేయాలని అడగొచ్చా?

వైద్యం అడిగే హక్కు ఉంది. ఊళ్లోనే చేయాలనే హక్కు లేదు. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం కింద ఆహార భద్రత కార్డున్న కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా చికిత్స ఉచితం. 2023 డిసెంబర్ 9కి ముందు ఈ పరిమితి 5 లక్షలు. అయితే ఆ చికిత్స పథకం జాబితాలో ఉండాలి, ఆస్పత్రి పథకంలో చేరి ఉండాలి. జ్వరం, దగ్గు, బీపీ మాత్రల వంటి రోజువారీ ఓపీకి కార్డు పనిచేయదు.

మాది సింగరేణి బొగ్గు గనుల కుటుంబం. మాకూ ఇదే వర్తిస్తుందా?

లేదు. పనిలో ఉన్న కార్మికుడికీ, అతని మీద ఆధారపడినవారికీ కంపెనీ దవాఖానే చూస్తుంది. మనకు రామకృష్ణాపూర్ ఏరియా ఆస్పత్రి ఉంది. అక్కడ వీలుకానిది బయటికి రిఫర్ చేస్తారు. రిటైరైనవారు చందా కట్టి, వారి కోసమే ఉన్న వైద్య పథకం సీపీఆర్ఎంఎస్‌లో చేరొచ్చు. కానీ ఇదే పట్టణంలో ఆటో నడిపేవారికీ, కూరగాయలమ్మేవారికీ ఆరోగ్యశ్రీయే ప్రధాన ఆధారం.

కార్డుకూ, కొత్త డాక్టరు ఎక్కడ స్థిరపడతారన్నదానికీ ఏమిటి సంబంధం?

చాలా ఉంది. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పటి నుంచీ ఆరోగ్యశ్రీ డబ్బు ప్రధానంగా ఆపరేషన్లకూ, పెద్ద జబ్బులకూ ప్యాకేజీల రూపంలో వెళుతోంది. ప్యాకేజీ తీసుకోవాలంటే పడకలు, ఆపరేషన్ థియేటర్, ఐసీయూ, స్పెషలిస్టులు ఉండాలి. అవి ఎక్కువగా ఉన్నది హైదరాబాద్, వరంగల్, కరీంనగర్‌లలో. డబ్బు అక్కడ చేరితే ఉద్యోగాలూ అక్కడే పుడతాయి. ఎంబీబీఎస్ ముగించిన అమ్మాయి పీజీ చేసి అలాంటి ఆస్పత్రిలో చేరాలనుకుంటే ఆమెను తప్పుపట్టలేం. ఆమే రామకృష్ణాపూర్‌లో క్లినిక్ తెరిచి షుగరు, ఆయాసం చూస్తే పథకం నుంచి రూపాయి రాదు. రోగి జేబులోంచి వచ్చిందే ఆదాయం.

బొగ్గు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సింది ఓపీ డాక్టరే. మన పట్టణానికి అన్నిటికంటే అవసరమైన ఆ డాక్టరుకే పథకంలో చోటు లేకపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

పెద్ద ఊరికి దూరంగా చిన్న నర్సింగ్ హోం పెట్టినవారికి ఆరోగ్యశ్రీ బకాయిల బెడద కూడా ఉంది. బిల్లు ఆలస్యమైతే కార్పొరేట్ ఆస్పత్రి కొన్నాళ్లు తట్టుకుంటుంది. ఇద్దరు డాక్టర్ల నర్సింగ్ హోం నెల జీతాలకే తడబడుతుంది. బకాయిల కోసం 2025లో ప్రైవేటు ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

డబ్బు పెద్ద ఊళ్లకే చేరడానికి భిన్నమైన ఉదాహరణ డయాలసిస్. మళ్లీ మళ్లీ చేయించుకోవాల్సిన ఆ చికిత్సకు పథకం డబ్బు కట్టడంతో చిన్న పట్టణాల ప్రభుత్వ ఆస్పత్రుల్లోకీ యంత్రాలు వచ్చాయి. చెల్లింపు ఊరికి చేరితే వైద్యమూ చేరుతుంది.

రామగుండం, మంచిర్యాలలో మెడికల్ కాలేజీలు వచ్చాయి కదా?

వచ్చాయి. రెండూ 2022లో మొదలయ్యాయి. రామగుండంలో 150 సీట్లు, మంచిర్యాలలో 100. రామగుండం కాలేజీకి సింగరేణి నిధులిచ్చింది. బోధనాస్పత్రి ఉంటే ప్రొఫెసర్లు, హౌస్ సర్జన్లు ఉంటారు కాబట్టి రామగుండం, మంచిర్యాల రోగులకు మేలే. కానీ అక్కడ చదివినవారు ఇక్కడే ఉండాలన్న షరతు లేదు. సీటు మన దగ్గర పెట్టి, సంపాదన హైదరాబాద్‌లో పెడితే చదువు పూర్తయ్యాక ఏ బస్సెక్కుతారో ఊహించొచ్చు.

కొత్త డాక్టర్లను జిల్లాకు పంపే నియమాలేవీ లేవా?

ఒకటి ఉంది. జాతీయ మెడికల్ కమిషన్ నియమాల ప్రకారం పీజీ విద్యార్థి మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలి. మూడు నెలల్లో డాక్టరుకు ఊరు తెలుస్తుందేమో గానీ ఊరికి డాక్టరు దొరకరు.

వేరే దేశాలు ఏం చేశాయి?

జర్మనీలో డాక్టర్లు అవసరానికి మించి ఉన్న ప్రాంతంలో సాధారణంగా ప్రభుత్వ బీమా రోగులను చూసే కొత్త క్లినిక్‌కు అనుమతి దొరకదు. థాయ్‌లాండ్ 2002లో అందరికీ వైద్యం మొదలుపెట్టినప్పుడు, ఓపీ డబ్బును నమోదైన జనాభా లెక్కన స్థానిక ఆస్పత్రులకు ఇచ్చింది. మనకు రెండోది దగ్గరగా ఉంటుంది. మన పట్టణమున్న క్యాతనపల్లి మున్సిపాలిటీలో ఇన్ని కుటుంబాలున్నాయని లెక్కగట్టి, వాటి ఓపీ కోసం ఏటా డబ్బు ఇక్కడికే పంపితే, ఇక్కడ కూర్చునే డాక్టరుకు నమ్మకమైన ఆదాయం ఉంటుంది.

ఆరోగ్యశ్రీ ఆస్పత్రిలో డబ్బు అడిగితే?

జాబితాలోని చికిత్సకు అడగకూడదు. ముందు అక్కడి ఆరోగ్యమిత్ర డెస్కుకు చెప్పండి, పని కాకపోతే 104కు ఫోన్ చేయండి. రసీదు లేకుండా ఒక్క రూపాయీ ఇవ్వకండి. ఇచ్చి ఉంటే రసీదు, డిశ్చార్జి కాగితం రెండూ దాచుకుని ఫిర్యాదుకు జత చేయండి.