ఒకే బల్ల మీద పది చేతిపనులు: ఏవి చేయాలి, ఏవి చేయొద్దు

కోట్‌పల్లి వైపు ఇళ్ళలో చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఒక్క పనితో ఆగరు. పొద్దున జాకెట్టు కుట్టిన చెయ్యే మధ్యాహ్నం తండా ఫేటియాకు, అంటే లంబాడీ లంగాకు, అద్దాలు కుడుతుంది. బతుకమ్మ వస్తే గునుగుపూలకు రంగు అద్దుతుంది, బడి వార్షికోత్సవం వస్తే పిల్లవాడికి థర్మాకోల్ కిరీటం చేస్తుంది. సెల్‌ఫోన్‌లో వీడియోలు చూశాక ఉన్నిని సూదితో పొడిచి బొమ్మలు చేసే నీడిల్ ఫెల్టింగ్ మీదికీ మనసు పోతుంది. పోనివ్వండి, మంచిదే.

ఒక్కో పనిలో ఉండే ప్రమాదం ఆ పని చేసేవాళ్ళకు తెలిసే ఉంటుంది. కుట్టేవాళ్ళకు సూది సంగతి తెలుసు, రంగు కాచేవాళ్ళకు రంగు సంగతి తెలుసు. దెబ్బ తగిలేది ఎక్కువగా ఒక పని అలవాటును ఇంకో పనిలోకి తీసుకెళ్ళినప్పుడు. చేతికుట్టులో బట్ట కింద వేలు పెట్టి సూదిని అందుకుంటాం. ఫెల్టింగ్‌లో అక్కడ వేలు ఉంటే నేరుగా దాన్నే పొడుచుకుంటాం. దూదికి ఫెవికాల్ రాస్తే ఏమీ కాదు. ఫెవిక్విక్ పోస్తే కాలేంత వేడెక్కుతుంది. అందుకని కింది జాగ్రత్తల్లో పని నుంచి పనికి మారే చోట్ల మీదే ఎక్కువ దృష్టి పెట్టాను.

ఉన్నితో, ముళ్ళ సూదితో

మన దక్కని గొర్రె ఉన్ని ముతక. కురుమలు తరతరాలుగా దీన్నే వడికి, చింతగింజల గంజి పెట్టి, గొంగడి నేశారు. ఫెల్టింగ్ బొమ్మ లోపలి ముద్దకు ఈ ముతక ఉన్ని చక్కగా సరిపోతుంది, పైపొరకు కావాలంటే మెత్తటి రకం కొనుక్కోవచ్చు. నేరుగా గొర్రెల కాపరి దగ్గర తెచ్చుకునేవాళ్ళు ఒక్క మాట అడిగి తేవాలి: ఇది బతికున్న గొర్రెకు కత్తిరించిందేనా?

జబ్బుతో చచ్చిన గొర్రె ఉన్నిని, తోలును ఇంట్లోకి రానివ్వొద్దు. దొమ్మ రోగం, అదే ఆంత్రాక్స్, తెచ్చే క్రిమి బీజాలు ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి, సబ్బు నీళ్ళకు చావవు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో ఉన్ని ఏరే కూలీలు ఆ దుమ్ము పీల్చి ఈ రోగంతోనే చనిపోయారు. అలాగని భయపడి ఉన్ని మానేయక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న మంద నుంచి తెచ్చిన దాన్ని ముక్కుకు గుడ్డ కాదు, మాస్కే కట్టుకుని ఆరుబయట దులపండి. తర్వాత వేడి సబ్బు నీళ్ళలో నానబెట్టండి. బట్టలు ఉతికినట్టు పిసకొద్దు, పిసికితే అక్కడికక్కడే గట్టి ముద్దయి కూర్చుంటుంది. నీళ్ళు వంచి, ఎండలో ఆరేయండి. ఆస్తమా ఉన్నవాళ్ళు దులిపే పని ఇంకొకరికి అప్పగించడం మేలు.

ఇక సూది. ఫెల్టింగ్ సూదిని ఒక్కసారి ఎండలో పట్టుకుని చూడండి. గుండ్రంగా ఉండదు, చాలావాటికి మూడు అంచులుంటాయి, ఆ అంచుల మీద సన్నటి గాట్లు ముళ్ళలాగా మొన వైపు తిరిగి ఉంటాయి. అవి ఉన్ని పోగును పట్టుకుని లోపలికి తోస్తాయి, సూది పైకి వచ్చేటప్పుడు పోగును అక్కడే వదిలేస్తాయి. బొమ్మ గట్టిపడేది అలాగే. ఈ సూది వేలిలో దిగితే చర్మం మీది మురికినీ, ఉన్ని పోగునూ అదే పద్ధతిలో లోపలికి తోస్తుంది. మామూలు కుట్టుసూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ పనిలో పడతాం కదా, దీనికి ఆ వైద్యం చాలదు.

సూది ఏ వాలులో దిగిందో ఆ వాలులోనే పైకి రావాలి. లోపల ఉండగా పక్కకు తిప్పితే ఉక్కు సన్నం కాబట్టి టక్కున విరుగుతుంది. సూదుల నంబరు పెరిగేకొద్దీ సన్నబడతాయి: ముతక ఉన్నికి 36 నంబరు, పైన నునుపు చేయడానికి 40. సన్నటి దానితో గట్టి ముద్దను పొడవడమే విరగడానికి పెద్ద కారణం. బొమ్మను అరచేతిలో పెట్టుకుని పొడవొద్దు. కింద కనీసం రెండంగుళాల మందం స్పాంజి ఉండాలి, పట్టుకునే చేతి బొటనవేలికీ చూపుడువేలికీ తోలు తొడుగు ఉండాలి. కళ్ళు సూది మొన మీద ఉండాలి. సీరియల్ చూస్తూ చిక్కుడుకాయలు ఒలవొచ్చు గానీ ఫెల్టింగ్ చేయకూడదు.

మొదలుపెట్టేటప్పుడు సూదులు లెక్కపెట్టుకోండి, లేచేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. ఈ సూదికి దారం ఎక్కించే బెజ్జం ఉండదు కాబట్టి, పోతే దారం పట్టుకుని వెతికే వీలు లేదు. వంపు తిరిగిన పై కొసకు ఎర్రటి గోళ్ళరంగు పూస్తే కనబడుతుంది. ఒకటి తక్కువైతే అయస్కాంతంతో నేలంతా, చాపంతా వెతకాలి. బొమ్మలోనూ వెతకాలి. విరిగిన మొన దొరకకపోతే ఆ బొమ్మ ఎంత ముద్దొచ్చినా పిల్లలకు ఇవ్వొద్దు.

జిగుర్లు, వేడి

వేషాల పనిలో చేయి కాలేది గ్లూ గన్ దగ్గరే. పెద్ద గన్‌లో జిగురు 170 డిగ్రీల పైన కాగుతుంది, అంటే మరిగే నీళ్ళకన్నా చాలా ఎక్కువ. పైగా నీళ్ళలా జారిపోదు, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. పిల్లలు పని చేస్తుంటే తక్కువ వేడి గన్ కొనండి. అతికించిన చోట వేలితో నొక్కడం ఫెవికాల్ అలవాటు. ఇక్కడ పుల్లతో నొక్కాలి.

ఫెవిక్విక్ లాంటి జిగుర్లు వాడేటప్పుడు నూలు గ్లవుజులు తొడుక్కోవద్దు, పడిన చుక్కను దూదితో తుడవొద్దు. ఆ జిగురు నూలులోకీ ఉన్నిలోకీ పీల్చుకుంటే క్షణాల్లో గట్టిపడుతూ వేడిని పుట్టిస్తుంది, పొగ కూడా లేస్తుంది, చర్మం కాలుతుంది. ఫెల్ట్ బొమ్మకు కళ్ళు అతికిద్దామని ఉన్ని మీద గబగబా పోసేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. బొమ్మకు కళ్ళు కుట్టడమే నయం, ఊడిపోవు కూడా. వేళ్ళు అతుక్కుంటే లాగొద్దు. గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో నానబెట్టి, మెల్లగా దొర్లిస్తున్నట్టు విడదీయాలి.

థర్మాకోల్‌ను వేడి చేసిన కత్తితో కోస్తే మంచి నునుపు వస్తుంది, నిజమే. కానీ అప్పుడు లేచే పొగ పీల్చడం మంచిది కాదు. పదునైన మామూలు బ్లేడుతో కోసి, గరుకు కాగితంతో రుద్దుకోండి. రెక్సిన్‌ను మంట మీద గానీ హీట్ గన్‌తో గానీ వంచొద్దు, చాలా రెక్సిన్ల మీద పీవీసీ పూత ఉంటుంది, అది మాడితే ఘాటైన ఆమ్లపు ఆవిరి వస్తుంది. పంక్చర్ సొల్యూషన్, థిన్నర్, స్ప్రే రంగు వాడేటప్పుడు వంటింటి స్టవ్వూ దేవుడి దగ్గర దీపమూ ఆర్పి ఉండాలి. కిటికీ తెరిస్తే చాలనుకోవద్దు, ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల పట్టుకుని పాకుతూ దీపం దాకా పోగలదు. ఆరుబయటికి వెళ్ళండి.

కరెంటు పోయినప్పుడు అందరం చేసే తప్పు ఒకటుంది. ఇస్త్రీ పెట్టె, గ్లూ గన్ ప్లగ్గు తీయకుండా లేచి వేరే పనిలోకి పోతాం. కరెంటు వచ్చేసరికి మనం గునుగుపూల దగ్గర ఉంటాం, ఇస్త్రీ పెట్టె పాలిస్టర్ లంగా మీద ఉంటుంది. కరెంటు పోగానే ముందు ప్లగ్గు తీయాలి, తర్వాతే లేవాలి. రంగు నీళ్ళ చేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దని వేరే చెప్పాలా?

రంగులు కాచేటప్పుడు

బతుకమ్మకు గునుగుపూల కొసలు రంగుల్లో ముంచడం మన ఇళ్ళలో మామూలే. ఆ గిన్నెను కడిగి మళ్ళీ పప్పుకు పెట్టడమే ఒప్పుకోలేని విషయం. రంగుకు ఒక గిన్నె, ఒక గరిటె, ఒక కొలత గ్లాసు విడిగా ఉంచి, వాటికి గుర్తుగా తాడు కట్టండి. పొడి రంగును నీళ్ళలో కలిపేటప్పుడు మాస్కు తప్పదు, ఎగిరే పొడి ముక్కులోకి పోతుంది. మిగిలిన రంగునీళ్ళను చెరువులోనో, కుంటలోనో, పశువులు తాగే తొట్టిలోనో కలపొద్దు.

మోదుగుపూలతో ఉన్నికి, నూలుకు రంగు వేసుకునేవాళ్ళు పటికతో సరిపెట్టుకోండి. రంగు ముదురుతుందని మైలుతుత్తం వేయొద్దు. అది విషం. ఎరువుల దుకాణంలో దొరికినంత మాత్రాన వంటింట్లోకి తేవలసిన సరుకు కాదు. ‘సహజ రంగులు’ అనగానే అన్నీ సురక్షితమే అనుకోవడం మన భ్రమ. పాత రోజుల్లో వీధి నాటకాల వాళ్ళు ముఖానికి పచ్చటి అర్దళం పూసుకునేవారు. అది భూమిలో సహజంగా దొరికే ఖనిజమే, ఆర్సెనిక్, గంధకం కలిసినది. పాతకాలపు వేషం అచ్చంగా రావాలని ఇప్పుడు అర్దళం కోసం వెతకొద్దు, ముఖానికని అమ్మే రంగులే కొనండి. పులివేషానికి ఇనామెల్ రంగు ఒంటికి పూసి కిరసనాయిలుతో కడగడం కూడా ఆ కోవలోదే. రంగు, కిరసనాయిలు రెండూ చర్మానికి చేటు.

రెసిన్‌తో లాకెట్లు పోసేవాళ్ళకు ఒక్క మాట. గట్టిపడని రెసిన్ చర్మానికి తగలనివ్వొద్దు, నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే అది ఇక పోదు. తాండూరు బండ ముక్కలు కోసి బొమ్మలు పెట్టేవాళ్ళు నీళ్ళు చల్లుతూ కోయాలి. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

వేషం కుట్టాక, వేసుకున్నాక

పిల్లల వేషానికి మెడ దగ్గర ముడి వేసే తాడు పెట్టొద్దు. లాగితే ఊడిపోయే వెల్క్రో పెట్టండి. నేలను ఊడ్చే అంగీని చీలమండ పైకి కత్తిరించండి. ముసుగుకు కళ్ళ దగ్గర రంధ్రాలు పెద్దవిగా ఉండాలి, స్టేజీ మెట్లు కనబడాలి. వెలిగే కళ్ళ కోసం బటన్ బ్యాటరీలు పెడితే, స్క్రూ బిగించిన డబ్బాలోనే పెట్టాలి. చిన్నపిల్లలు బ్యాటరీని మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవడం మొదలవుతుంది. వాంతి చేయించొద్దు, ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ముసుగు అచ్చు కోసం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దలో చెయ్యి గానీ ముఖం గానీ ముంచొద్దు. అది గట్టిపడేటప్పుడు 60 డిగ్రీల దాకా వేడెక్కగలదు, బిగుసుకున్నాక చెయ్యి బయటికి రాదు. 2007లో ఇంగ్లండ్‌లోని ఒక బడిలో చిత్రలేఖనం క్లాసులో ఇలాగే చేతులు పెట్టిన 16 ఏళ్ళ అమ్మాయి చాలా వేళ్ళు పోగొట్టుకుంది. చేతి అచ్చు కావాలంటే దంతవైద్యులు వాడే ఆల్జినేట్ పొడి ఉంది, అది చల్లగానే గడ్డకడుతుంది.

నైలాన్, పాలిస్టర్ వేషాలతో దీపావళి బాణసంచా దగ్గరికీ, పీర్ల గుండం దగ్గరికీ పిల్లల్ని పోనివ్వొద్దు. ఆ బట్ట అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. బట్ట ఏదో తెలియకపోతే రెండు పోగులు తీసి నీళ్ళున్న స్టీలు పళ్ళెం మీద వెలిగించి చూడండి. ఉన్ని జుట్టు కాలిన వాసన వేసి మంట తీయగానే ఆరిపోతుంది, పాలిస్టర్ చుక్కలుగా కారుతుంది. ఇంట్లో పాత గొంగడి ఉంటే పని చేసే చోట తలుపు పక్కన వేలాడదీయండి. ఉన్ని తేలిగ్గా అంటుకోదు, ఒంటి మీద మంటను కప్పి ఆర్పడానికి మన ఇళ్ళలో అంతకు మించిన దుప్పటి లేదు.

తండా వేషం కుట్టి కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర ఫోటోలు దిగేవాళ్ళు గట్టు మీదే దిగండి. అద్దాలు, గవ్వలు, గజ్జెలు కుట్టిన ఫేటియా పొడిగా ఉన్నప్పుడే బరువు. తడిస్తే కాళ్ళకు చుట్టుకుని కిందికి లాగుతుంది. ఆ బట్టలతో పడవ ఎక్కొద్దు, మోకాలి లోతు నీళ్ళలోకి కూడా దిగొద్దు. పాత పూసలూ, బరువైన తెల్లలోహపు ముక్కలూ కొత్త వేషానికి కుడుతుంటే, వాటిలో సీసం ఉండొచ్చనుకుని చంటిపిల్లల నోటికి అందనివ్వొద్దు.

బల్ల దగ్గర

ఏకకాలంలో నాలుగు పనులు మొదలుపెట్టడం తప్పని ఎవరూ అనరు. నాలుగింటినీ ఒకే బల్ల మీద పరిచి ఉంచడమే అసలు చిక్కు. ఒక్కో పనికి ఒక్కో మూతడబ్బా పెట్టుకోండి, మధ్యలో ఆపిన పనిని సూదితో సహా అందులో పెట్టి మూత వేసి, పైన “లోపల 3 సూదులు” అని రాయండి. కొత్త పని తీసేముందు బల్ల ఖాళీ చేయాలి. అద్దాల ముక్కలున్న గుడ్డను దులిపి పక్కన పడేసి, దాని మీదే ఉన్ని పరిచామో, ఉన్నిలో చేరిన గాజు పెంకు కంటికి కనబడదు, వేలికే కనబడుతుంది. కొయ్యబొమ్మలకు అవిసె నూనె రుద్దిన గుడ్డల్ని ముద్దగా చుట్టి ఉన్ని సంచీ పక్కన వదలొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విడదీసి బయట పరిచి, గట్టిగా ఎండనిచ్చి పారేయాలి.

మెడ, మణికట్టు గుంజుతుంటే కుట్టు మానేసి ఫెల్టింగ్ పట్టుకోవడం విశ్రాంతి కాదు. రెండూ అదే చెయ్యి, అదే మెడ. లేచి కాసేపు నడవండి.

దెబ్బ తగిలితే

కాలిన చోట టూత్‌పేస్టు, ఇంకు, పసుపు రాయొద్దు. పారే చల్లటి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి. గ్లూ గన్ జిగురు చర్మానికి అతుక్కుంటే పీకొద్దు, జిగురుతో సహా నీళ్ళలో ఉంచండి. కుట్టు మిషను సూది గోరులోంచి దిగితే మొదట పెడల్ మీద నుంచి కాలు తీయండి, కంగారుగా చెయ్యి లాగొద్దు, చక్రాన్ని చేత్తో తిప్పి సూదిని పైకి తేవాలి. ఫెల్టింగ్ సూది దిగితే రక్తాన్ని కాస్త కారనిచ్చి సబ్బుతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

మొన లోపల విరిగితే బ్లేడుతో కెలకొద్దు, ముళ్ళు ఇంకా లోపలికి పోతాయి. ఎక్స్‌రే తీయించాలి. వికారాబాద్‌కైనా తాండూరుకైనా బండి పట్టుకునే వెళ్ళాలి కాబట్టి పొద్దుగూకేదాకా ఆగొద్దు. ప్రమాదం పెద్దదైతే 108కి ఫోన్ చేయండి. విరిగిన సూది మిగతా ముక్కనూ, అలాంటిదే ఇంకో పూర్తి సూదినీ సీసాలో వేసి తీసుకెళ్ళండి. ఎంత ముక్క లోపల ఉండిపోయిందో డాక్టరుకు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.