పసికందు నుదుటిపై కాంతి కావలి

చీకటిగదిలో టార్చిలైటును అరచేతితో మూసి చూడుడు. వ్రేళ్లయందు ఎఱ్ఱని వెలుగు కానవచ్చును. తక్కిన రంగులను రక్తమాంసములు చాలవరకు మ్రింగివేయగా, ఎఱుపు దాటి వచ్చుచున్నది. ఎఱుపునకు ఆవల, కంటికి అగపడని పరారుణకాంతి ఇంకను లోతునకు పోగలదు. కపాలమును విప్పకయే మెదడులోని ఆక్సిజన్ స్థితిని ఈ కాంతితో తెలిసికొనవచ్చునని అమెరికాలో ఫ్రాన్స్ యోబ్సిస్ అను శాస్త్రజ్ఞుడు 1977లో చూపెను.

దీని యవసరమేమి? కొందఱు శిశువులకు గుండెనుండి వెడలు రెండు మహాధమనులు తారుమారై పుట్టును. చెడురక్తము ఊపిరితిత్తులకు పోక, మరల దేహమునకే పోవును. అట్టి శిశువునకు సాధారణముగా కొలదిదినములలోనే శస్త్రచికిత్స చేయుదురు. గుండెను నిలిపి, దాని పనిని యంత్రమునకు అప్పగింతురు. మూడు కిలోల బిడ్డ యొంటిలోని రక్తము సుమారు 250 మిల్లీలీటర్లు, అనగా ఒక గ్లాసెడు మాత్రమే!

వ్రేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరును మీలో పలువురు చూచియుందురు. నాడి కొట్టుకొననిదే అది లెక్క చెప్పలేదు. యంత్రమునుండి రక్తము ఎడతెగని ధారగా పారునపుడు నాడి దొరకదు గనుక, మిక్కిలి అవసరమైన వేళనే అది మూగవోవును. నుదుటిపై అంటించు పరారుణపట్టీకి నాడితో పనిలేదు. ఆక్సిజనును మోయుచున్న హీమోగ్లోబిన్, దానిని విడిచిన హీమోగ్లోబిన్ కాంతిని ఒకే తీరున గ్రహింపవు. 760 నానోమీటర్ల తరంగమును రెండవది ఎక్కువగా మ్రింగును. 850 ప్రాంతమున మొదటిదే మిన్న. తిరిగివచ్చిన కాంతులను పోల్చి యంత్రము శాతమును కట్టును. శిశువు కపాలము పలుచనిదగుట ఇచ్చట మేలే.

ఆ శాతము ఆక్సీమీటరు చూపునట్లు 98 కాక, సాధారణముగా 60–80 నడుమ నుండును. చూచి బెదరనక్కరలేదు. మెదడులోని రక్తమున అధికభాగము సిరలలోనిది. ఇంటికి వచ్చిన జీతమును గాక, ఖర్చులు పోను మిగిలినదానిని లెక్కించుట వంటిది ఇది. నీలివర్ణముతో పుట్టిన శిశువులకు మొదటినుండియు తక్కువగా నుండును; కావున ఎవరి యంకెను వారి తొలియంకెతోనే పోల్చవలెను.

అందులో ఐదవవంతు తగ్గినచో వైద్యులు మేల్కొందురు. గొట్టము ప్రక్కకు జరిగెనా? మెడ తిరిగి సిర నొక్కుకొనెనా? ధార చాలదా? రక్తమున కార్బన్ డయాక్సైడు మితిమీరి తగ్గినను మెదడు నాళములు ముడుచుకొనును. ఒక్కొక్క కారణమునే వెదకి సరిదిద్దుదురు. మూత్రపిండముపై, నడుముప్రక్కన, మఱియొక పట్టీ నుంచుటయు కలదు. దేహము మెదడును కాచుకొనుటకై తక్కిన యవయవములను ముందు పస్తుంచును గనుక, అచ్చటి యంకె తొలుత పడిపోవచ్చును.

అయితే పట్టీ చూచునది నుదుటిక్రింది కొలదిభాగమునే. మెదడు వెనుకభాగమున కీడు జరిగినను దానికి తెలియకపోవచ్చును. దీనిని వాడిన శిశువులు పెద్దవారై చదువుసంధ్యలలో మెరుగుగా నుందురని ఇంకను నిశ్చయముగా ఋజువు కాలేదు. ఐనను పెక్కు శిశుహృదయచికిత్సాలయములలో వైద్యులు ఆ యంకెపై కన్ను వేసియే పని సాగించుచున్నారు.